బలపం గనిలో తొలి సంవత్సరం
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ జీవితంలో మరువలేని ఒక సంవత్సరం గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు వెంటనే తోచింది 1989-90. ఆ ఏడాది బేతంచర్ల వైపు కొండల్లో ఒక బలపం గనిని మొదటినుంచి తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పుడది కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది.

చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దిన బలపం మనందరికీ తెలుసు. టాల్క్, స్టియటైట్, సోప్‌స్టోన్ అనేవన్నీ ఆ కుటుంబమే. గోటితో గీస్తే గీత పడుతుంది. ఖనిజాల గట్టిదనం కొలతలో వజ్రానిది 10 అయితే దీనిది 1. టాల్కం పౌడరే మనకు గుర్తొస్తుంది గానీ కాగితం, రంగులు, రబ్బరు, పింగాణీ, పురుగుమందుల పొడి, వీటన్నిటికీ ఇది కావాలి. ఇనుము, సున్నం తక్కువున్న మేలురకం విద్యుత్ ఇన్సులేటర్లకు పనికొస్తుంది. దాదాపు 190 కోట్ల ఏళ్ళ క్రితం వేంపల్లె డోలమైటు పొరల్లోకి కరిగిన డోలరైటు చొచ్చుకువచ్చింది. ఆ వేడికి డోలమైటులోని మెగ్నీషియం సిలికాతో కలిసి బలపమైంది.

గని ప్రగతి అంటే ఎన్ని టన్నులు తీశారని అడుగుతారు. ఆ ఏడాది మేము పంపిన లారీలు సున్నా. మరి ఏం చేశామంటారా? ముందు బండ్ల బాటను లారీ బాటగా మార్చాము. నీళ్ళ తొట్టి, పనివాళ్ళకు నీడ కోసం పాక వేశాము. తరువాత గుంతలు, కందకాలు తవ్వించాము. బలపం బొగ్గులాగా వరుసగా పరచుకుని ఉండదు. ఒకచోట నిలువెత్తు మందం ఉంటుంది, పది అడుగులు జరిగితే ఏమీ ఉండదు. అందుకే ప్రతి గుంత నుంచి నమూనా తీసి, పొడి చేసి తెలుపు చూడాలి. ఆమ్లం చుక్క వేసి, పొంగితే సున్నం కలిసిందని రాసుకోవాలి. ఆడవాళ్ళు చిన్న సుత్తులతో మలినం కొట్టేసి, రకాలు వేరుచేసేవారు. సాయంత్రానికి అందరి తలలూ తెల్లబడేవి. మేము నవ్వుకునేవాళ్ళం.

వానలు తగ్గాక ఉత్తరం వైపు కందకంలో పనిచేస్తున్న మేస్త్రీ ఒక రాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని విరిస్తే పత్తిపోగుల్లాంటి దారాలు వచ్చాయి.

"సార్, ఇది బలపం గాదు, రాతినార. పులివెందుల కాడ మా నాయన దీన్నే తవ్వినాడు. దగ్గుతోనే పోయినాడు" అన్నాడు.

చదువుకున్నవాణ్ణి నేను. అక్కడి డోలమైటులో డోలరైటు పక్కనే రాతినార కూడా ఏర్పడుతుందని పుస్తకంలో చదివాను. కానీ ముందుగా గుర్తుపట్టింది అతను. అప్పటికే పదిహేను రోజులుగా అందరూ ఆ కందకాన్ని పొడిగానే తవ్వుతున్నారు.

లీజులో పేర్కొనని ఖనిజం ఏది కనిపించినా అరవై రోజుల్లో ప్రభుత్వానికి తెలపాలని అప్పుడు అమలులో ఉన్న 1960 నాటి ఖనిజ రాయితీ నియమాల్లో ఉండేది. 1986లోనే కొత్త రాతినార లీజులు ఇవ్వడం ఆపేశారు. విషయం పై అధికారి ఒకరికి చెబితే, "రాయవద్దు, పొడిలో కలిసిపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. దాచకుండా చెబుతున్నాను, నేను పది రోజులు తటపటాయించాను. పిల్లల చదువులు, ప్రమోషన్ కళ్ళముందు మెదిలాయి. ఆ పొడి ఎవరి ఇంటికి చేరుతుందో అన్న ఆలోచన కూడా నిద్రపట్టనివ్వలేదు. పదకొండో రోజు రాశాను.

పరీక్షలో అది రాతినారే అని తేలింది. కందకాన్ని తడిమట్టితో పూడ్చి, చుట్టూ హద్దురాళ్ళు పాతించాము. దక్షిణం వైపు పని మొదలుపెట్టి, తొట్టి నీళ్ళు చల్లుతూ తవ్వించాము. మొదటి లారీ పద్నాలుగో నెలలో కదిలింది. ఆ ఏటి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో నా గురించి "ప్రగతి మందకొడి" అని రాశారు. ప్రమోషన్ రెండేళ్ళు వెనకబడింది. పటం మీద ఎక్కడ తవ్వకూడదో గీసిన ఆ గీతే ఆ ఏడాది మేము సాధించిన ప్రగతి అని నేటికీ నా నమ్మకం.

2024 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. రాతినార అయితే నిస్సందేహంగా క్యాన్సర్ కలిగించేదని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తేల్చారు. దాని జబ్బులు ఇరవై, నలభై ఏళ్ళకు కూడా బయటపడతాయి. అంటే సరిగ్గా మన పెన్షన్ కాలంలో!

అందుచేత నా మనవి ఒక్కటే. దుమ్ములో పనిచేసినవారు ఆయాసాన్ని వయసు మీదికి నెట్టవద్దు. డాక్టరు దగ్గరికి వెళితే షుగరు, బీపీ గురించి చెప్పి ఊరుకోకండి. ఏ పని చేశారో, ఎన్నేళ్ళు చేశారో చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. మీ దగ్గర పనిచేసిన కూలీల ఊళ్ళు గుర్తుంటే వాళ్ళకూ కబురు చేయండి. వాళ్ళకు పెన్షన్ లేదు, సంఘం లేదు.

ఆ మేస్త్రీ ఆ తరువాత ఎక్కడికి వెళ్ళాడో నేను విచారించలేదు. ఆ వెలితి నాకు ఉంది.