సుసన్నా రైట్: నది ఒడ్డున ఒక క్వేకర్ విదుషి

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది ఒడ్డున సుసన్నా రైట్ అనే మహిళ ఉండేవారు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. 1697లో ఇంగ్లండులో పుట్టి, తర్వాత సముద్రం దాటి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఇంటి భారమంతా ఆమె మీదే పడింది.

అయినా చదువు వదల్లేదు. లాటిన్, ఫ్రెంచి నేర్చారు. ఫిలడెల్ఫియా పండితుడు జేమ్స్ లోగన్‌తో పుస్తకాల గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. ఇరుగుపొరుగుకు వీలునామాలు, దస్తావేజులు రాసిపెట్టేవారు, మందులిచ్చేవారు. 1755లో బ్రిటిష్ సైన్యానికి బండ్లు సమకూర్చాల్సి వచ్చినప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సలహా అడిగింది ఈమెనే.

మల్బరీ ఆకు వేసి పట్టుపురుగులు కూడా పెంచారు. ఆ పని చేసినవారికి తెలుసు, పురుగులకు వేళ తప్పకుండా మేత వేస్తూనే ఉండాలి. పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి, పోగు కొస పట్టుకుని దారం తీయాలి. అంత చాకిరీ మధ్య కవిత్వం!

ఎలిజబెత్ నోరిస్ అనే స్నేహితురాలికి రాసిన కవితలో, భార్య మీద భర్త పెత్తనం దేవుడిచ్చిన హక్కు కాదని ఆమె వాదించారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎంత గుండెధైర్యం! నన్నడిగితే, ఆ ఒక్క కవితకే ఆమె పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

కానీ ఆమె కవితలు చాలావరకు అచ్చుకెక్కలేదు, చేతిరాతలోనే స్నేహితుల మధ్య తిరిగాయి. మిల్కా మార్థా మూర్ అనే క్వేకర్ మహిళ తన నోటుపుస్తకంలో కొన్నింటిని ఎత్తిరాసుకున్నారు. ఆ నోటుపుస్తకం 1997లో అచ్చయింది.