అడిగి అడుగుపెట్టే ఊరు



ఈ సాయంత్రం మిమ్మల్ని ఫిజీలోని వనువా లేవు దీవికి తీసుకువెళ్తాను. ఫిజీలో 330కి పైగా దీవులుంటే, మనుషులు కాపురముండేవి 110 దాకా. వాటిలో ఇది రెండో పెద్ద దీవి. సవుసవు అనే చిన్న రేవు పట్టణం దాటి, కొబ్బరితోటల మధ్యగా కొండలెక్కి దిగితే నతేవా అఖాతం వస్తుంది. దాని ఒడ్డునే పల్లెలు.

కారు దిగి నేరుగా ఊళ్ళోకి నడిచిపోకూడదు. బయలుదేరేముందే సంతలో యంగోనా వేళ్ళ కట్ట కొనుక్కోవాలి. మిరియాల జాతి మొక్క అది. దాని వేరుతో చేసే పానీయాన్ని బయటి ప్రపంచం కావా అంటుంది. ఊరి మొదట్లో టోపీ, నల్లకళ్ళద్దాలు తీసేయాలి. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా మోకాళ్ళు కప్పేలా సులూ చుట్టుకోవాలి. మన లుంగీ లాంటిదే. గడప దగ్గర చెప్పులు విడవాలన్నది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

లోపల మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలు పరిచి ఉంటాయి. వచ్చినవాడు వేళ్ళకట్టను చాప మీద పెట్టి తానెవరో, ఏ ఊరివాడో, ఎందుకొచ్చాడో విన్నవించుకోవాలి. తోడొచ్చిన స్థానికుడే మన తరఫున మాట్లాడటం రివాజు. ఊరిపెద్ద ఆ కట్టను అందుకుని అంగీకారం పలుకుతాడు. అప్పుడు చుట్టూ కూర్చున్నవాళ్ళు అరచేతులు గుల్లగా పట్టి చప్పట్లు కొడతారు. గట్టి చప్పుడు కాదు, బోలుగా, లోతుగా మోగుతుంది. దీన్ని సెవుసెవు అంటారు. ఇది ముగిసేదాకా ఆ ఊళ్ళో మనం ఇంకా అడుగుపెట్టనట్టే లెక్క.

తర్వాత దంచిన వేరుపొడిని గుడ్డలో మూటగట్టి, తనోవా అనే కాళ్ళున్న కొయ్యపాత్రలోని నీళ్ళలో పిసుకుతారు. పిసికే మనిషి పెద్దవైపు తిరిగి కూర్చుంటాడు, ఆ పనిలో తొందరపడడు. కొబ్బరిచిప్పలో పోసి ఒక్కొక్కరికీ అందిస్తారు. ఒక చప్పట కొట్టి, చిప్ప అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసి, మూడు చప్పట్లు కొట్టాలి. బురదనీళ్ళ రంగు, మట్టివాసన, కాస్త చేదు. కాసేపటికి పెదవులు, నాలుక మొద్దుబారతాయి. ఒళ్ళు నెమ్మదిస్తుంది, మాటలు కూడా.

ఇదంతా పర్యాటకుల కోసం ఆడే వేడుక అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఫిజీలో 80 శాతానికి పైగా భూమి మతంగాలి అనే వంశసమూహాల ఉమ్మడి సొత్తు. దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఎదురుగా ఉన్న సముద్రంలో వేటాడే హక్కు కూడా ఆచారం ప్రకారం ఆ ఊరివాళ్ళదే. పెద్ద ఎవరైనా కాలం చేస్తే కొంతమేర సముద్రంలో వేట మానేయడం వాళ్ళ సంప్రదాయం. నేలా నీళ్ళూ ఇంతగా ఒక ఊరివయినప్పుడు, అడగకుండా ఒడ్డుకు దిగడం ఇంకొకరి పెరట్లో దూరడమే.

ఆ ఉమ్మడి భూమి ఏం చేయగలదో చెప్పడానికి అక్కడి వునిందోంగోలోవా అనే ఊరు చాలు. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చేవి. కట్టిన గోడ నిలవలేదు. చివరికి 2014 జనవరిలో ఊరంతా దాదాపు రెండు కిలోమీటర్లు లోపలికి, ఎత్తుకు తరలిపోయింది. పెరిగే సముద్రం వల్ల ఫిజీలో ఒక ఊరు ఊరంతా కదలడం అదే మొదలు. 30 ఇళ్ళు కట్టారు. వాటికి కలపను ఊరివాళ్ళు తమ అడవి నుంచే ఇచ్చారు. కొత్త ఊరికి బైబిల్‌లోని వాగ్దత్త భూమి పేరు పెట్టుకున్నారు: కెనానీ. ఇళ్ళ ప్లాను గీసినవాళ్ళు వంటిళ్ళు మరిచారు. అన్నం వండేవాళ్ళను అడిగి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదని నా నమ్మకం. అయినా ఎక్కి వెళ్ళడానికి సొంత నేల ఉంది కాబట్టే వాళ్ళు కదలగలిగారు. కొనాల్సి వస్తే ఎక్కడికి పోయేవారు?

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. అదే దీవికి ఉత్తరాన లాంబాసా ఉంది. 1894లో అక్కడ పంచదార మిల్లు పెట్టారు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద 1879 నుంచి 1916 దాకా 60 వేలమందికి పైగా భారతీయులను ఫిజీకి ఓడల్లో తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించారు. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. స్థానికులు పల్లెల్లోనే ఉండాలనీ, తోటలకు కూలీలను బయటినుంచి తేవాలనీ తొలినాళ్ళ బ్రిటిష్ గవర్నర్ ఆర్థర్ గోర్డన్ నిర్ణయించాడు. అలా దిగిన మనవాళ్ళను ఏ ఊరిపెద్ద ముందూ ఎవరూ కూర్చోబెట్టలేదు. మీ నేల మీదికి వీళ్ళను తెస్తున్నామని ఆ ఊళ్ళనూ అడగలేదు. ఈ రెండు అన్యాయాలూ ఒకే చేతితో జరిగినవి.

గిర్మిట్ తీరాక చాలామంది మతంగాలి భూముల్నే కౌలుకు తీసుకుని చెరుకు వేశారు. 1976 చట్టం ఆ కౌళ్ళ గడువును పొడిగించింది. 1997 నుంచి ఆ గడువులు తీరడం మొదలై ఎన్నో కుటుంబాలు తాతల నాటి పొలం వదిలి పట్టణాల అంచుల్లో తలదాచుకున్నాయి. ఒక ఊరిని సముద్రం నుంచి కాపాడిన భూమి హక్కే మనవాళ్ళ కాళ్ళకింద నేల తీసేసింది. దీన్ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. అయినా ఆ పల్లెవాళ్ళను తప్పుపట్టలేను. ఉన్నది అదొక్కటే, దాన్నీ వదులుకోమని ఎలా అంటాం?

మీలో ఎవరైనా ఫిజీ వెళ్తే, హోటళ్ళున్న పడమటి తీరంతో సరిపెట్టుకోకండి. లాంబాసాలో దిగండి. చెరుకు తోటల మధ్య మనవాళ్ళ ఇంట్లో ఒక పూట భోంచేసి, వాళ్ళ కౌలుకాగితం కథ వినండి. ఆ తర్వాత వేళ్ళకట్ట చేతబట్టుకుని నతేవా ఒడ్డుకు వెళ్ళండి. ఆ వరసలోనే వెళ్ళండి.