జిమ్మేదారీ తీరింది, జవాబు మాటేమిటి?



ఇంగ్లీషు పాఠంలో పిల్లలు తరచూ కలిపేసే మాటలు రెండున్నాయి. రెస్పాన్సిబిలిటీ, అకౌంటబిలిటీ. పెద్దలమూ అంతే, రెండింటికీ ‘బాధ్యత’ అని రాసి ఊరుకుంటాం. మొదటిది జిమ్మేదారీ, పనిని నెత్తిన వేసుకోవడం. రెండోది జవాబ్‌దేహీ, ఆ పని ఏమైందో అడిగినవారికి లెక్క చెప్పడం. ఆ మాట లోపలే ‘అకౌంట్’ ఉంది చూడండి. జిమ్మేదారీని పదిమందీ పంచుకోవచ్చు. జవాబుకు మాత్రం ఒక్క పేరుండాలి. పది పేర్లుంటే ఎవరూ పలకరు.

మన బొల్లారం సంగతే చూడండి. ఇక్కడి, పటాన్‌చెరులోని పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిశాయి. బావులు, పొలాలు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పర్యావరణం మా బాధ్యత అనే బోర్డులు మనం చూస్తూనే ఉన్నాం. కానీ నీళ్లన్నీ ఒకే వాగులో కలిశాక ఫలానా బావి ఎవరి వల్ల చెడిందో ఎవరు చెబుతారు?

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలంది. మొదట్లో, చేయకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 నుంచి మిగిలిన సొమ్మును గడువులోగా నిర్ణీత ఖాతాకో నిధికో మళ్లించాలి, లేదంటే జరిమానా. అక్కడే రెండో మాట మొదలైంది.

మనలో లెక్క అడిగితే అనుమానించారని నొచ్చుకునేవారున్నారు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరా 282, అప్పును రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచమని చెబుతోంది. ఇక నొచ్చుకోవడం ఎందుకు?

జూన్‌లో ఫీజు కట్టాం, రశీదు తీసుకున్నాం, ఫోటో దిగాం. డిసెంబరులో ఆ పిల్ల బడికి వస్తోందా? కాంట్రాక్టు పని పోతే తండ్రి కుటుంబాన్ని మరో బస్తీకి తీసుకెళతాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ప్యాకింగ్ పనిలో చేరతాడు. హాజరు పట్టీలో వరుసగా పడే గైర్హాజరు గుర్తులు టీచర్లం మేము చూస్తాం. డబ్బిచ్చిన దాతకు తెలియదు.

అందుకే కమిటీకి మా విన్నపం. ఒక్కో విద్యార్థి పక్కన మీలో ఒకరి పేరు రాయండి. మూడు నెలలకోసారి వారు బడికి వచ్చి హాజరు చూడాలి. వచ్చే ఏటి సంచికలో వసూలైన మొత్తం పక్కనే, సాయం అందుకున్నవారెందరు, బడిలో మిగిలినవారెందరు, రెండంకెలూ వేయండి. రెండోది చిన్నదైనా వేయండి. దాతలారా, రశీదుతో ఆగకండి, ఆ రెండో అంకె అడగండి. రిజిస్టరు తెరిచి చూపడానికి టీచర్లం మేము సిద్ధం.