నాలుగక్షరాల చదువు

ఢిల్లీ మథుర రోడ్డులో ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. ఒక భారతీయుడి జన్యుక్రమాన్ని మన దేశంలో తొలిసారి 2009లో పూర్తిగా చదివింది ఈ సంస్థే. ఆ తర్వాత ఇండిజెన్ పథకంలో 1,029 మంది ఆరోగ్యవంతుల జన్యుక్రమాలు చదివితే దాదాపు 5.6 కోట్ల తేడాలు కనిపించాయి. వాటిలో మూడో వంతు దాకా అప్పటి అంతర్జాతీయ డేటాబేసుల్లో లేనివే! ఐరోపావాళ్ల డేటాతోనే చదువుకున్న కంప్యూటర్ మన డీఎన్ఏ దగ్గర తడబడదూ మరి?

కంప్యూటర్‌కు ఇలా చదువు నేర్పే పద్ధతుల్లో ఒకటైన డీప్ లెర్నింగ్ పని ఒకరకంగా పలక మీద దిద్దడమే. ఏ, సీ, జీ, టీ అనే నాలుగక్షరాల వరుసలు లక్షలకొద్దీ చూపిస్తే, ఏ మార్పు జబ్బుకు దారితీయవచ్చో అది పోల్చుకుంటుంది.

మందుల సంగతికొస్తే, ఓఖ్లాలోని ట్రిపుల్ ఐటీ ఢిల్లీలో ఆచార్య జి.పి.ఎస్. రాఘవ బృందానిది టాక్సిన్‌ప్రెడ్ అనే ఉచిత సాధనం. పెప్టైడ్ అంటే ప్రొటీన్ తునక. మందుగా వాడాలనుకునే పెప్టైడ్‌లోని అమైనో ఆమ్లాలను సూచించే అక్షరాల వరుస టైపు చేస్తే, విషమో కాదో అంచనా చెబుతుంది. ఒక అక్షరం మార్చి మళ్లీ చూసుకోవచ్చు, పరీక్షనాళిక ముట్టకుండానే.

ఒక చిక్కుంది. నేర్పిన వరుసల్లాంటివే పరీక్షలోనూ ఇస్తే యంత్రానికి మార్కులు దండిగా పడతాయి. ప్రశ్నపత్రం ముందే చూసిన కుర్రాడి మార్కులవి. అందుకే ఒకదాన్నొకటి పోలిన వరుసలను ముందే ఏరేస్తారు.