పందుల దొడ్డి లెక్కలు
(అత్తిముగములో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బడులను గూర్చియు, భాషను గూర్చియు మాటలాడు ఈ వేదికపై పందుల ప్రసక్తి యేమిటని కొందరికి తోచవచ్చును. కాని ఆ జీవముపై వచ్చు రాబడితోనే బిడ్డలను బడికి పంపు కుటుంబములు మనలో కలవు. పందిని పెంచువానిని దూరముగా నిలువబెట్టి, మాంసమును మాత్రము ఇంటికి తెప్పించుకొను మన అలవాటును గూర్చి మరియొకనాడు చెప్పుదును. నేడు చెప్పవలసినది అంతకంటె తొందరైన మాట.

ఆఫ్రికా పందిజ్వరమను రోగమును కెన్యా దేశమున చూచి 1921లో మొదట వర్ణించిరి. మన దేశమునకు అది 2020లో వచ్చినది. అస్సాము, అరుణాచల్ ప్రదేశములలో మొదట కనబడినది. 2022 జూలైలో కేరళలోని వయనాడు చేరినది. 2023 జనవరిలో ముదుమలై అడవిలో అడవిపందులు దీనితో చచ్చినవి. అదే సంవత్సరము నామక్కల్ జిల్లాలో పెంపుడు పందులకును సోకినది. ఇది మనుష్యులకు అంటదు. కాని దొడ్డిలో ప్రవేశించినచో పందులలో మిగులునవి బహు స్వల్పము. మన దేశమున దీనికి టీకా ఇంకను వాడుకలో లేదు. పాత పందిజ్వరమునకు టీకా కలదు. చిక్కేమనగా రెండును కంటికి ఒకటే: తీవ్రజ్వరము, మేత మానుట, చెవులును పొట్టయు ఎఱ్ఱబారి నల్లబడుట, పిమ్మట చావు. ఏది యేదో తేల్చునది పరీక్షాలయమే. ఆఫ్రికా జ్వరమైనచో ఆ తీర్పు భోపాలులోని జాతీయ సంస్థనుండి రావలెను.

ఈ రోగము గాలికంటె మనుష్యుల చేతులమీదుగానే ఎక్కువగా ప్రయాణము చేయును. కొన్న పంది, పందులనెక్కించిన బండి, కసాయి కత్తి, చెప్పులకంటిన బురద, అన్నిటికంటె ముఖ్యముగా హోటళ్లనుండి తెచ్చు ఎంగిలికూడు. అందులో పందిమాంసపు తునక యున్నచో, అది చల్లని పెట్టెలో నెలల తరబడి నిలువయున్నదైనను, క్రిమి బ్రతికియే యుండును. కావున ఎంగిలిని కలియబెట్టుచు గంటసేపు బాగుగా మరిగించి గాని పోయరాదు. కట్టెల ఖర్చు నిజమే. దొడ్డి మొత్తము పోవుటతో పోల్చి చూడుడు.

ఇక అసలు విషయము. దొడ్డిలో రెండు పందులు చచ్చినవనుకొందము. యజమాని యేమి చేయును? మాట బయటికి పొక్కినచో మరునాడే బేరగాడు ధర సగమునకు దించును. అందుచేత రాత్రికి రాత్రి గొయ్యి త్రవ్వి, మిగిలినవానిని తెల్లవారకముందే బండికెక్కించును. ఆ బండియే రోగమును పది ఊళ్లకు పంచును. అతనిని తిట్టుట సులభము. అప్పు తీర్చవలసినవాడు, పిల్లలకు జీతము కట్టవలసినవాడు వేరుగా చేయునని నేను నమ్మను. అతడు నిజము చెప్పినచో నష్టపడని దారిని మనము చూపవలెను.

ఒక ఊహ చేయుదము. మూడు ఊళ్లలో మూడు దొడ్లు. మొదటిదానిలో సోమవారము ఒక పంది చచ్చినది, ఎండదెబ్బ అనుకొనిరి. రెండవదానిలో బుధవారము రెండు, పాముకాటు అనుకొనిరి. మూడవదానిలో శుక్రవారము ఒక తల్లిపంది, ఈనలేక చచ్చినదనిరి. ఎవరికి వారు చెప్పుకొన్న కారణము నమ్మదగినదే. ఈ మూడింటిని ఒక కాగితముపై వ్రాసి, ప్రక్కన "చివరి బండి ఎప్పుడు వచ్చినది?" అను ప్రశ్నకు జవాబు చేర్చినచో, మూడు దొడ్లకును ముందటి వారము ఒకే బండి వచ్చినదని తేలును. అప్పుడది ఎండదెబ్బ కాదు. నాలుగవ దొడ్డివాడు ఆ బండిని గేటు బయటనే నిలుపగలడు. విడివిడిగా మూడు చావులు; కలిపి చూచినచో ఒక హెచ్చరిక.

ఇది నా కల్పన మాత్రమే కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 2011లో ఇట్టి ఏర్పాటు మొదలైనది. వ్యాపారమున ఒకరితో నొకరు పోటీపడు పెద్ద పెంపకందార్లే తమ తల్లిపందుల దొడ్ల స్థితిని వారము వారము స్వచ్ఛందముగా ఒకచోటికి తెలుపుదురు. 2013లో పందిపిల్లలను చంపు విరేచనరోగము ఆ దేశమున క్రొత్తగా ప్రవేశించినపుడు, అప్పటికే అలవాటైన ఆ వారపు లెక్కల దారి అక్కరకు వచ్చినది. దానిని నడపిన పశువైద్యాచార్యులు రాబర్ట్ మారిసన్ 2017లో గతించగా, ఆ పనికి వారి పేరు పెట్టిరి. నాకు నచ్చినది యంత్రముల గొప్ప కాదు. ఎవరి దొడ్డి పేరును బయటపెట్టరను నమ్మకము. ఆ నమ్మకము లేనిదే ఎవడును నోరు విప్పడు.

మన ప్రక్కనున్న బెంగళూరు యలహంకలో పశురోగముల సమాచారమునకై జాతీయ సంస్థ యొకటి కలదు. అది దేశమంతట వచ్చిన లెక్కలనుబట్టి, ఏ జిల్లాకు ఏ రోగము రానున్నదో రెండు నెలలు ముందుగా అంచనా కట్టి తెలుపును. కాని క్రిందినుండి లెక్క పోనిదే పైనుండి హెచ్చరిక రాదు. మన కృష్ణగిరి జిల్లాకు ఒక వైపు కర్ణాటకము, మరియొక వైపు ఆంధ్రము. పందికి సరిహద్దు లేదు. కాగితమునకు మాత్రము ఉన్నది. మాలూరు వైపు చచ్చిన పంది మాట మన పశువైద్యునికంటె ముందు మన బంధువులకే తెలియును. పెండ్లిండ్లకు, జాతరలకు నడచు ఆ తెలుగు బంధుత్వమును ఈ పనికేల వాడుకొనరాదు?

ఇచ్చటనే భాష అడ్డు వచ్చును. తమిళమున అచ్చైన ప్రకటనను చదువలేని ముసలమ్మ, తన పంది "మేత ముట్టలేదు, చెవులు కమిలినవి" అని తెలుగున చెప్పును. ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, తమిళమున వైద్యునికందించు చదువుకొన్న బిడ్డ ఊరికొకడు చాలును. 2009 నాటి పశువుల అంటురోగముల చట్టము ప్రకారము రోగమును తెలుపుట యజమాని విధి. రోగమును ఆపుటకై ప్రభుత్వము చంపించిన పందులకు పరిహారము కేంద్ర, రాష్ట్రములు చెరిసగము భరించు ఏర్పాటును కలదు. మొదటి చావునాడే తెలిపినవానికి లెక్కింప పందులుండును. గొయ్యి త్రవ్వి దాచినవానికి చూపుటకేమియు మిగులదు. పరిహారము ఆలస్యమగునను ఫిర్యాదు నేనును విన్నాను. దానికి అర్జీలు వ్రాయుట సంఘము పని.

నేను కోరునది ఒక నోటుబుక్కు. దొడ్డికొక పుట: ఉన్న పందులెన్ని, పుట్టినవెన్ని, చచ్చినవెన్ని, ఏనాడు, ఏ బండి వచ్చినది, ఎంగిలి ఎచ్చటిది. పేరునకు బదులు అంకె. ఏ అంకె ఎవరిదో పెంపకందార్లే ఎన్నుకొన్న ఒక్కరికి తెలిసిన చాలును. ఆదివారము సాయంకాలము లెక్కలు కలుపవలెను. చావులు కనబడినచో ఆదివారమువరకు ఆగక ఆనాడే పశువైద్యశాలకు కబురంపవలెను. గీతలు గీసిన పుస్తకములు పండ్రెండు ఈ బల్లపైనున్నవి. పెన్సిళ్లును తెచ్చితిని.