టర్కీ బిర్యానీ, ఒక సెలైన్ బాటిల్: థాంక్స్‌గివింగ్‌కి ముందు ఇది వినండి

థాంక్స్‌గివింగ్ దగ్గరికొచ్చింది. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మనవాళ్ళు అడిగేది ఒకటే: "అన్నా, టర్కీ కొన్నాం, రాయిలా ఉంది, ఇప్పుడేం చేయాలి?"

ముందు మా కథ చెప్తా. అక్కడ నా మొదటి థాంక్స్‌గివింగ్. నలుగురు రూమ్మేట్స్, 12 పౌన్ల టర్కీ. రాత్రి కౌంటర్ మీద పెట్టి పడుకున్నాం. మర్నాడు బిర్యానీ చేశాం, సూపర్ వచ్చింది. మిగిలింది అదే గిన్నెలో మూతపెట్టి స్టవ్ మీదే వదిలేశాం. పొద్దున వేడి చేసుకుని తిన్నాం. సాయంత్రానికి ముగ్గురికి విరేచనాలు. ఒకడికి ఎమర్జెన్సీలో సెలైన్ ఎక్కించారు. ఆ బిల్లు సంగతి... వద్దులెండి.

డాక్టర్ ఫలానా కారణం అని చెప్పలేదు. నా అనుమానం మాత్రం ఆ గిన్నె మీదే. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. పెద్ద గిన్నె మధ్యలో బిర్యానీ గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అని ఒకటుంది, దాని బీజాలు వంట వేడికి కూడా చావవు. సరిగ్గా ఆ గోరువెచ్చదనంలోనే మళ్ళీ లేస్తాయి. "మళ్ళీ వేడి చేశాం కదా" అంటారా? కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు.

అందుకే వండిన రెండు గంటల్లోపు ఎముకల నుంచి మాంసం తీసేసి, లోతు లేని చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తినేయండి, లేదంటే ఫ్రీజర్.

ఇక ఐస్ కరిగించడం. కౌంటర్ మీద పెడితే లోపల ఇంకా గడ్డే, పైచర్మం మాత్రం వెచ్చబడిపోతుంది. ఫ్రిజ్‌లోనే కరగాలి, ప్రతి 4-5 పౌన్లకి ఒక రోజు. అడుగున ట్రే పెట్టండి, నీళ్ళు కారతాయి. మర్చిపోయారా? లీకవ్వని కవర్‌లో పెట్టి చన్నీళ్ళలో ముంచండి, పౌనుకి అరగంట. ప్రతి అరగంటకీ నీళ్ళు మార్చాలి, కరగగానే వండేయాలి.

పసుపు, ఉప్పు వేసి సింక్‌లో కడగొద్దు. అమ్మకి కోపం వస్తుంది, తెలుసు. కానీ ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి, కొత్తిమీరని మనం వండం కదా!

ఉడికిందా లేదా అనేది రంగు చూసి చెప్పలేం. థర్మామీటర్ కొనండి, బిల్లు కన్నా చాలా చవక. రొమ్ములో మందంగా ఉన్నచోట, తొడ లోపలివైపు, ఎముకకి తగలకుండా గుచ్చితే 165 డిగ్రీలు చూపించాలి.

గురువారం పండగ. 12 పౌన్లదైతే సోమవారం పొద్దున్నే ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఇప్పుడే అలారం పెట్టేసుకోండి. ఉంటా మరి, బై!