అడిగేవారుంటే గాయం మానుతుంది

ఉర్దూ బడి పంతులు జాసూసీ నవల మాట ఎత్తాడేమిటని నవ్వకండి.

అగాథా క్రిస్టీ నవల 'స్లీపింగ్ మర్డర్' 1976లో వెలువడింది. అందులో గ్వెండా అనే యువతి నాటకంలో ఒక మాట విని కేక పెడుతుంది. పసితనంలో మెట్ల కమ్మీల సందులోంచి చూసిన హత్య గుర్తొస్తుంది. పిచ్చి పట్టిందేమోనని హడలిపోతుంది. మిస్ మార్పుల్ అనే ముసలమ్మ పోలీసు కాదు. మొదట తవ్వొద్దనే అంటుంది. అయినా తోడుండి, ఓపికగా విని, నిజం తేలుస్తుంది.

మన ఇళ్ళలోనూ 1948 పోలీసు చర్య ప్రస్తావన వస్తే కొందరు పెద్దలు మాట మార్చేస్తారు. తిమ్మాజిపేట పిల్లలారా! పగ కోసం కాదు, వాళ్ళ గుండె బరువు దిగడానికి అడగండి. చెప్పనంటే బలవంతం వద్దు, పక్కన కూర్చోండి. చెప్పేవారు తగ్గిపోతున్నారు.